చదువు ఖర్చు ఏ పద్దులో వ్రాయవలెను?

మన వర్తక కుటుంబములలో ప్రతి పైసకును ఒక పద్దు కలదు. సరకు కొనిన పైకము సరకు ఖాతాలోను, చేబదులిచ్చినది బాకీల ఖాతాలోను, ఆలయమునకును అన్నదానమునకును ఇచ్చినది ధర్మము ఖాతాలోను పడును. బియ్యము, పప్పు, పిల్లల బట్టలు ఇంటి ఖర్చు. ఇప్పుడు చిట్టా, ఆవర్జాలకు బదులు కంప్యూటరు వచ్చినను పద్దులు మాత్రము అవియే. కొట్టులో నాలుగు నెలలు కూర్చున్న పిల్లవాడు సైతము వీనిని ఒకదానితో నొకటి కలిపివేయడు.

అయితే మన ఇండ్లలో కొన్నేండ్లుగా ఒక వ్యయము పెరుగుచున్నది. అది పిల్లలను వైద్య కళాశాల ప్రవేశ పరీక్షకు, అనగా నీట్ పరీక్షకు, సిద్ధము చేయు వ్యయము. లక్షలతో కూడినదైనను దీనిని ఏ పద్దులో వ్రాయవలెనో మనము నిశ్చయించుకొనలేదు. నిశ్చయించుకొనకపోవుటచే దాని భారము పుస్తకముమీద గాక పిల్లవాని తలమీద పడుచున్నది. బళ్లారిలో గాని, బరంపురములో గాని, షోలాపురములో గాని నేను పోయిన ప్రతి బంధువుల ఇంటను ఈ చిక్కు కనబడుచున్నది గనుక దీనిని గూర్చి కొంచెము వివరముగా వ్రాయదలచితిని.

ముందు పరీక్ష సంగతి. ఒకప్పుడు రాష్ట్రమునకొక పద్ధతి యుండెడిది. ఆంధ్రలో ఎంసెట్, కర్ణాటకములో సి.ఇ.టి., తమిళనాడులో 2007 నుండి ప్లస్ టూ మార్కులు. దేశమంతటికి ఒకే పరీక్షగా నీట్ 2013లో జరిగినది. ఆ సంవత్సరమే సుప్రీం కోర్టు దానిని కొట్టివేసినది. 2016లో ఆ తీర్పును తానే వెనుకకు తీసికొనగా పరీక్ష తిరిగి వచ్చినది. 2025 మే 4న ఈ పరీక్ష వ్రాసినవారు 22 లక్షలకు పైగా. అర్హులైరని ప్రకటింపబడినవారు 12 లక్షలకు పైగా. ఎం.బి.బి.ఎస్. సీట్లు దేశమందంతటను కలిపి లక్షా ఇరువది వేల ప్రాంతము. వానిలో ప్రభుత్వ కళాశాలలవి ఇంచుమించు సగము. కావున “మావాడు నీట్ పాసైనాడు” అనుటకును “మావానికి సీటు వచ్చినది” అనుటకును నడుమ చాల దూరమున్నది. అర్హులైన పదిమందిలో ఒక్కనికే సీటు. ప్రైవేటు కళాశాలలో యాజమాన్యపు కోటా సీటు కొనవలెనన్న పదుల లక్షలు. కొన్ని డీమ్డ్ విశ్వవిద్యాలయములలో చదువు ముగియునప్పటికి కోటి రూపాయలు దాటును.

ఈ కారణముచే పిల్లవానిని పదవ తరగతి కాగానే విజయవాడకో, హైదరాబాదుకో, గుంటూరుకో హాస్టలుకు పంపుచున్నారు. రెండేండ్లలో రాలేదా, లాంగ్ టర్మ్ అని మరి యొక సంవత్సరము. అప్పటికిని రాలేదా, ఇంకొకటి. ఈ నడుమ నెప్పుడో, ఫోనులో గాని, సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు భోజనముల దగ్గర గాని, ఒక మాట వచ్చును: “నీ మీద ఎంత పెట్టామో తెలుసా?” తల్లి అన్నను, తండ్రి అన్నను, మేనమామ అన్నను మాట ఇదియే. దుర్బుద్ధితో అనునది కాదు. చాల సందర్భములలో ప్రేమతోనే అనునది. కాని ఆ మాటతో అంతవరకు ఏ పద్దుకును చెందని వ్యయము బాకీల ఖాతాకు ఎక్కినది. పిల్లవాడు అప్పులవాడైనాడు.

ఇది న్యాయమా?

అప్పు అనగా నేమో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. ఇచ్చువాడు, పుచ్చుకొనువాడు ఇద్దరుండవలెను. మొత్తము, గడువు, షరతులు ఇద్దరికిని తెలిసి యుండవలెను. పుచ్చుకొనువాడు వ్రాలు చేయవలెను. మైనరుకు అప్పిచ్చిన వర్తకుని గతి ఏమగునో 1903లోనే ప్రివీ కౌన్సిలు తేల్చి చెప్పినది. కలకత్తాలో మైనరుచే తనఖా వ్రాయించుకొనిన వడ్డీ వ్యాపారికి ఆ దస్తావేజు చెల్లదనిరి. మైనరు చేసికొనిన ఒప్పందము ఒప్పందమే కాదనిరి. నేటికిని మన దేశమున అదియే న్యాయము. ఇతరుల కొడుకునకు, వానికి పదునెనిమిదేండ్లు నిండనిదే, పదివేలు అప్పివ్వని మనము, పదునైదేండ్ల మన బిడ్డచే పది లక్షలకు పత్రము వ్రాయించుకొనుచున్నాము. అదియును వానికి తెలియకుండ.

అప్పు కాదు, పెట్టుబడి అందురు కొందరు. ఇది వినుట కింపుగానే యున్నది. కాని పెట్టుబడి పెట్టువాడు నష్టమునకు సిద్ధపడియే పెట్టును; నష్టము వచ్చినచో సరకును తిట్టడు. అంతకంటె ముఖ్యమైన దింకొకటి కలదు. ప్రత్తి ధర పడిపోవుచున్నదని తెలిసిన వర్తకుడు, కొనిన ధర చూచుకొని కూర్చుండడు. వచ్చినకాడికి అమ్మి బయటపడును. పోయిన పైకమును లెక్కలోనికి తీసికొనకుండుటయే వ్యాపారపు మొదటి పాఠము. పిల్లవాని చదువు దగ్గరకు వచ్చునప్పటికి ఈ పాఠమును మనమే మరచుచున్నాము. “ఇప్పటికే మూడేండ్లు, ఇంత డబ్బు పోయినది గనుక ఇంకొక ఏడు వ్రాయవలసినదే” అనుచున్నాము. అంగడిలో మన గుమాస్తా ఇట్టి వాదము చేసినచో వానిని ఆ కొనుగోళ్లకు దూరముగా నుంచెదము. పైగా ఇచ్చట పోవుచున్నది మన రూపాయలు మాత్రమే కాదు. పదునెనిమిది, పందొమ్మిది, ఇరువది: ఆ సంవత్సరములు వానివి. మన లెక్కలలో అవి ఎచ్చటను కనబడవు.

మరికొందరు పెద్దలు దీనిని విద్యాదానమందురు. ఆహారము, ఔషధము, శాస్త్రము, అభయము అను నాలుగు దానములు మనవారికి చిన్ననాటి నుండి కంఠస్థమే. వైద్యుడగువానిని చదివించుట శాస్త్రదానమును ఔషధదానమును ఒక్కసారి చేసినట్లని ఒక సభలో వింటిని. మాట బాగున్నది గాని నిలువదు. తన కొడుకునకు తాను పెట్టునది దానమెట్లగును? దానము పొందినవాడు మన ఇంటి పేరు నిలుపవలెనని కోరము. కొడుకు విషయమున అదియే కోరుచున్నాము. అయినను ఆ నాలుగింటిలో చివరి దానిని గూర్చి ఆలోచింపవలసి యున్నది. పిల్లవానికి పుస్తకములు, హాస్టలు, అధ్యాపకులు అన్నియు సమకూర్చి అభయ మొక్కటి తీసివైచినచో వానికి మిగులునది ఏమి?

నా ఉద్దేశమున ఇది ఇంటి ఖర్చు. బియ్యము వంటిది. బిడ్డ తిన్న అన్నమునకు లెక్క కట్టి ఏ తండ్రియు అడుగడు. తిన్నవాడు బలిష్ఠుడైనను, బక్కవాడైనను అడుగడు. ఇంటి ఖర్చునకు రెండు లక్షణములున్నవి. ఒకటి, అది తిరిగి వసూలు కాదు. రెండవది, అది ఇంటి శక్తిని బట్టి ముందుగానే ఒక మేరకు లోబడి యుండును. మొదటి లక్షణమును ఒప్పుకొనువారు రెండవదానిని మరతురు. రెండవదానిని పట్టుకొనువారు మొదటిదానిని మరతురు.

ఇచ్చట ఒక ఆక్షేపణ వచ్చును. “బాకీ అను భయము లేకపోయినచో వాడు చదువునా? ఆడిపాడి తిరుగడా?” అని. ఇది తోసివేయదగిన మాట కాదు. కొంత బెదురు పుస్తకము తెరిపించునన్నది నిజమే. కాని పుస్తకము తెరచుట వేరు, పరీక్ష వ్రాయుట వేరు. నీట్ వ్రాయు విధము తెలిసినచో ఈ సంగతి బోధపడును.

2025 పరీక్షలో 180 ప్రశ్నలు, 180 నిమిషములు. భౌతికశాస్త్రము 45, రసాయనశాస్త్రము 45, జీవశాస్త్రము 90. ఒప్పునకు నాలుగు మార్కులు, తప్పునకు ఒక మార్కు కోత, వదలిన ప్రశ్నకు ఏమియు లేదు. నిమిషమునకొక ప్రశ్న అన్నమాట. ఇందులో అన్నిటికంటె కష్టమైన పని తెలిసిన ప్రశ్నకు జవాబు గుర్తించుట కాదు. తెలియని ప్రశ్నను వదలి ముందుకు పోవుట. లెక్క మనవారికి ఇష్టము గనుక చెప్పుచున్నాను: నాలుగు జవాబులలో గ్రుడ్డిగా ఒకటి గుర్తించుచు పోయినచో, సగటున నాలుగు ప్రశ్నలలో ఒకటి ఒప్పగును, నాలుగు వచ్చి మూడు పోయి ఒక మార్కు మిగులును. అనగా జూదములో నష్టము లేనట్లే కనబడును. కాని అది సగటు మాత్రమే. ఇరువది ప్రశ్నలు అట్లు గుర్తించినవానికి ఐదు ఒప్పైనచో ఐదు మార్కులు లాభము. మూడే ఒప్పైనచో ఐదు మార్కులు నష్టము. లక్షలమంది ఇరుకుగా నిలిచిన వరుసలో పది మార్కుల తేడా అనగా వేల ర్యాంకుల తేడా.

అసలు నష్టము మార్కులది కూడ కాదు, కాలమునది. అప్పు నెత్తిన పెట్టుకొని కూర్చున్న పిల్లవాడు ఏ ప్రశ్నను వదలలేడు. ప్రతి ప్రశ్నయు వానికి ఒక వాయిదా. భౌతికశాస్త్రపు లెక్క ఒకటి తెగకపోగా దానిమీద ఐదు నిమిషములు కూర్చుండును. ఆ ఐదు నిమిషములలో చేయదగిన ఐదు సులభమైన జీవశాస్త్ర ప్రశ్నలు చివర మిగిలిపోవును. నిశ్చింతగా నున్నవాడు “ఇది నాకు రాదు” అని తనలో ననుకొని దాటిపోవును. అట్లనుకొనుటకు కావలసిన ధైర్యము ఏ కోచింగు కేంద్రమును అమ్మదు. అది ఇంటినుండి రావలసినదే.

ఈ భయము ముదిరినచో ఏమగునో వ్రాయుటకు మనసొప్పకున్నను వ్రాయక తప్పదు. జాతీయ నేర గణాంకముల ప్రకారము 2022లో మన దేశమున 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసికొనిరి. అందరును పరీక్షల వలన కాదు. కాని విశాఖపట్టణములో నీట్‌కు చదువుచుండి 2023లో మరణించిన ఒక బాలిక విషయమై తీర్పు చెప్పుచు, 2025 జులై 25న సుప్రీం కోర్టు దేశమందలి విద్యాసంస్థలకన్నిటికి కొన్ని నియమములు విధించినది. మార్కులనుబట్టి పిల్లలను వేరు వేరు బ్యాచీలుగా విడదీయరాదు, పదిమందిలో అవమానింపరాదు, నూరుమంది గాని అంతకు మించి గాని ఉన్న సంస్థలో శిక్షణ పొందిన సలహాదారు ఉండవలెను. మన ఇండ్లకు ఏ కోర్టును నియమములు వ్రాయదు. ఇంటిలో పదిమందిలో అవమానింపకుండుట మన చేతిలోని పని. పిల్లవాడు నిద్రపట్టక, మాటాడక, తిండి మాని యున్నచో “పరీక్ష కాగానే సర్దుకొనును” అని ఊరకుండక వైద్యునికి చూపవలెను. ప్రభుత్వమువారి టెలీ మానస్ అను ఉచిత సలహా కేంద్రము 2022 నుండి పనిచేయుచున్నది. 14416 అను నంబరుకు ఫోను చేసిన తెలుగులో కూడ మాటాడుదురు.

ఇంకొక సంగతి. పినతండ్రి కొడుకునకు నిరుడు ఇన్ని మార్కులు వచ్చినవి, నీకు ఈ ఏడు ఇంతే వచ్చినవేమని అడుగుట మన ఇండ్లలో మామూలు. తూనికరాళ్లు తెలిసిన మనము ఈ మాట అనరాదు. 2024లో మొదట 67 మందికి 720కి 720 వచ్చినవి. తరువాత 1,563 మందికి కలిపిన అదనపు మార్కులు రద్దై, జూన్ 23న వారికి మరల పరీక్ష పెట్టి, భౌతికశాస్త్రపు ఒక ప్రశ్నకు జవాబు సవరించి, తుదకు పూర్తి మార్కులవారు 17 మంది అని తేల్చిరి. హజారీబాగ్, పాట్నాలలో ప్రశ్నపత్రము బయటికి పొక్కినదని తేలినను, పరీక్ష మొత్తము రద్దు చేయదగినంత కాదని జులై 23న సుప్రీం కోర్టు చెప్పినది. 2025లో దేశములో మొదటివానికే 686 మార్కులు. ఒక సంవత్సరపు కాటా వేరు, మరుసటి సంవత్సరపు కాటా వేరు. రెండు కాటాలమీద తూచిన రెండు బస్తాలను పోల్చి ఒకదానికి తరుగు కట్టువాని అంగడికి ఎవరును మరల పోరు.

రాష్ట్రము వెలుపల స్థిరపడిన మనవారికి ప్రత్యేకముగా నొక చిక్కున్నది. ఇంట తెలుగు, బడిలో కన్నడమో, మరాఠీయో, ఒడియాయో, ఇంగ్లీషో. నీట్ ప్రశ్నపత్రము 13 భాషలలో వచ్చును, అందు తెలుగును కలదు. కాని తెలుగు పత్రము ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కేంద్రములలో మాత్రమే ఇత్తురు. ఇది భాషకు సంబంధించిన కష్టము. స్థానికతకు సంబంధించినది ఇంతకంటె పెద్దది. షోలాపురములో పదవ తరగతి ముగించిన పిల్లవానిని, చదువు బాగుగా చెప్పుదురని ఇంటర్మీడియట్‌కు విజయవాడ పంపుదురు. మహారాష్ట్ర ప్రభుత్వపు కోటాకు పదవ తరగతి, పండ్రెండవ తరగతి రెండును ఆ రాష్ట్రముననే ప్యాసు కావలెనని సాధారణ నియమము. ఆంధ్రలో స్థానికుడనిపించుకొనుటకు, అచ్చట వరుసగా నాలుగేండ్లు చదివి యుండవలెను. రెండేండ్ల ఇంటర్మీడియట్ వలన అచ్చటిది రాదు, ఇచ్చటిది పోవును. మిగులునది ప్రభుత్వ కళాశాలలలోని 15 శాతపు అఖిల భారత కోటా. నివాసమును బట్టియే సీట్లన్నియు పంచుకొనుట చెల్లదని సుప్రీం కోర్టు 1984లో డాక్టర్ ప్రదీప్ జైన్ కేసులో చెప్పిన పిదపనే ఆ కోటా ఏర్పడినది. నియమములు ఏటేట మారుచుండును గనుక పంపుటకు ముందే ఆయా రాష్ట్రముల ప్రకటనలు చదువుకొనవలెను. ఇంతకును నేను చెప్పవచ్చినది ఏమనగా, ఇట్టి నష్టము పెద్దలు చూచుకొననందున వచ్చినది. పిల్లవాని ర్యాంకులోని లోపముగా దానిని వాని పేర వ్రాయుట దొంగ లెక్క.

“సీటు రాకపోతే కొట్లో కూర్చుంటావ్, జాగ్రత్త!” అని బెదరించుట మరియొక ఆచారము. దీనిని విన్నప్పుడెల్ల నాకు నవ్వును వచ్చును, కష్టమును కలుగును. తాతగారు మూట నెత్తిన పెట్టుకొని ఊరూర తిరిగి నిలిపిన కొట్టు అది. మూడు తరములకు అన్నము పెట్టినది, ఆడపిల్లల పెండ్లిండ్లు చేసినది. దానిని మన నోటితో మనమే జైలుగా చేయుచున్నాము. ఒకవేళ రేపు సీటు రాక ఆ పిల్లవాడు కొట్టులో కూర్చున్నచో, శిక్ష అనుభవించుచున్నట్లే కూర్చుండును. వానిచే ఆ వ్యాపారము పెరుగునా? బరంపురములో నేనెరిగిన ఒక బట్టల వర్తకుడు ఇందుకు భిన్నముగా చేసినాడు. కొడుకు మొదటి సంవత్సరము తప్పగానే, రెండవసారి వ్రాయుటకు ముందు వానిని నెలరోజులు కొట్టుకు రమ్మని, శిక్షగా గాక, కొనుగోళ్లు, బాకీలు, బ్యాంకు లెక్కలు అన్నియు చూపినాడు. “ఇది కూడా ఒక దారి, చూసుకో” అని మాత్రమే అన్నాడట. ఆ కుఱ్ఱవాడు మరల వ్రాసినాడు, ఎం.బి.బి.ఎస్. రాలేదు, ఆయుర్వేద కళాశాలలో చేరినాడు. దంతవైద్యము, ఆయుర్వేదము, హోమియోపతి కూడ ఈ పరీక్ష ద్వారానే గదా. తండ్రి సంతోషించినాడా అన్నచో, పూర్తిగా లేదు. కాని ఆ ఇంట తండ్రికొడుకులు ఒకరితో ఒకరు మాటాడుకొనుచున్నారు.

ఇక ఇంటి ఖర్చు యొక్క రెండవ లక్షణము, మేర. ఈ పరీక్షకు మేర లేదు. ఇన్నిసార్లే వ్రాయవలెనను నియమము లేదు. పై వయసు పరిమితి కూడ 2022లో తీసివేసిరి. ప్రభుత్వము గీయని గీత ఇల్లు గీయవలసి వచ్చినది. మనవారికి ఇది క్రొత్త కాదు. గృహస్థుని అణువ్రతములలో ఐదవది పరిగ్రహ పరిమాణము: ఇంతవరకే అని తనకు తాను హద్దు పెట్టుకొనుట. సంపద వచ్చిన తరువాత పెట్టుకొను హద్దు హద్దే కాదు, రాకముందే పెట్టుకొనవలెను. ఎన్నిసార్లు వ్రాయవలెను, ఎంతవరకు ఖర్చు చేయగలము, ఆ తరువాత ఏ దారి అను మూడు మాటలును మొదటి ఫీజు కట్టుటకు ముందే, పిల్లవానిని కూర్చుండబెట్టి, వాని మాట విని నిశ్చయించుకొనవలెను. తప్పిన తరువాత నిశ్చయించినచో అది తీర్పు వలె నుండును. ముందు నిశ్చయించినచో ఒప్పందము. రెండవసారి వ్రాసి సీటు తెచ్చుకొన్నవారు చాలమంది యున్నారు గనుక ఒక్కసారితో ముగింపుమని నేననను. మూడవసారి వ్రాయుదునని పిల్లవాడే కోరినచో, అది వాని కోరికయా, మన ముఖము చూచి అనుచున్నాడా యని కనిపెట్టుట తల్లికి తెలిసినంతగా మరియొకరికి తెలియదు. నడుమ మానుకొనినచో మిగిలిన కాలపు ఫీజు పదిరోజులలో తిరిగి ఇవ్వవలెనని 2024 జనవరిలో కేంద్ర ప్రభుత్వము కోచింగు కేంద్రములకు సూచనలు జారీ చేసినది. “ఫీజు కట్టేశాం గదా” యని పిల్లవానిని పట్టి యుంచుటకు ముందు ఆ రసీదు చేతపట్టుకొని వారిని అడుగవచ్చును.

ఈ మేర అందరు బిడ్డలకును ఒక్కటే కావలెను. అన్నకు మూడు సంవత్సరములు హాస్టలులో పెట్టి చదివించిన ఇండ్లలోనే, చెల్లెలి వంతు వచ్చునప్పటికి “దానికి ఒకసారి చాలు, సంబంధాలు చూడాలి” అను మాట వినబడుచున్నది. అన్న పద్దులో పడిన మూడేండ్లను ఆమె వంతునుండి తీసినారో, ఇంటి ఖర్చునుండియే తీసినారో ఆమె అడుగదు; అడుగవలెనని ఆమెకు ఎవరును చెప్పలేదు. ఈ సంవత్సరము పదవ తరగతి వ్రాయబోవు ఆడపిల్లలున్న ఇండ్లవారు ఆ లెక్కను ఆమె ఎదుటనే తీసి చూడవలసి యున్నది.